నా కూతురు ‘బాగున్నాను’ అన్న మాటను లెక్కలోంచి తీసివేయుట గురించి

పరిశోధనల నైతిక పర్యవేక్షణ సంఘం అధ్యక్షులు గారి సముఖమునకు,
పిల్లల ఆసుపత్రి భవనం, మూడవ అంతస్తు.

అర్జీదారు: వరుస సంఖ్య 17 యొక్క తల్లి. వృత్తి: ఆసుపత్రి గేటు ఎదుటి జెరాక్స్ షాపులో టైపు పని.

అయ్యా,

విషయం: దీర్ఘకాలిక అలసట జబ్బు గల పిల్లలపై జరిపిన ‘శక్తి పెంపు కార్యక్రమం’ నివేదికలో వరుస సంఖ్య 17 ‘పూర్తిగా కోలుకున్నది’ అని నమోదైన దానిని రద్దు చేయుట, మరియు వచ్చే సోమవారం మొదలవనున్న రెండవ విడతను నిలుపుదల చేయుట గురించి.

సూచిక: (ఒకటి) నా మొదటి అర్జీ, తిరస్కరించబడినది. (రెండు) నా రెండవ అర్జీ, కనిపించుట లేదని చెప్పబడినది. (మూడు) తమ గుమాస్తా గారు నోటిమాటగా ఇచ్చిన జవాబు.

పై విషయమును పురస్కరించుకొని తమరికి విన్నవించుకొనునది ఏమనగా, నేను పద్నాలుగేళ్ళుగా తమ గేటు ఎదుటే టైపు కొట్టుకుని బతుకుతున్నాను. ఊళ్ళోవాళ్ళ అర్జీలు ఎన్ని కొట్టానో లెక్క లేదు. ‘సదరు’ ఎక్కడ పెట్టాలో, ‘మనవి’ ఎక్కడ పెట్టాలో నాకు కంఠతా వచ్చు. ఏడుపు ఎక్కడ పెట్టాలో మాత్రం ఏ నమూనాలోనూ చూడలేదు. అందుచేత ఈ కాగితంలో అది ఎక్కడ పడితే అక్కడ వస్తుంది, మన్నించవలెను.

1. సదరు వరుస సంఖ్య 17 నా కుమార్తె. వయస్సు పన్నెండు సంవత్సరములు. ఇంట్లో పిచ్చుక అంటాము, ఒకచోట కాలు నిలిచేది కాదు గనక. రెండేళ్ళ క్రితం దానికి ఒక జ్వరం వచ్చింది. వారానికి జ్వరం తగ్గింది గానీ పిల్ల మళ్ళీ మామూలు మనిషి కాలేదు. తల దువ్వుకుంటే పడుకోవాలి. స్నానం చేస్తే రెండు రోజులు లేవదు. బడిలో టీచరమ్మ “ఎగ్గొట్టే వేషాలు” అంది. మా ఆడపడుచు “గారం ఎక్కువై” అంది. నేను కూడా, అబద్ధమెందుకు, ఒకటి రెండుసార్లు బద్ధకం అన్నాను. చివరికి తమ ఆసుపత్రిలో పెద్ద డాక్టరు గారు రక్తాలన్నీ తీయించి, గంటసేపు దాని మాటలు విని, “ఇది జబ్బేనమ్మా, వేషం కాదు” అన్నారు. ఆ గదిలోనే ఆయన కాళ్ళ మీద పడబోయాను. బిడ్డకి జబ్బుందని తెలిసి సంతోషపడ్డ తల్లిని ఎక్కడైనా చూశారా అయ్యా? నేను సంతోషపడ్డాను. ఇంటికి పోయి పిల్లని పట్టుకుని, “నన్ను క్షమించవే” అన్నాను.

2. సదరు పెద్ద డాక్టరు గారే మా పిల్లని పైన పేర్కొన్న కార్యక్రమంలో చేర్చమన్నారు. పన్నెండు వారాలు. రోజూ మెట్లెక్కాలి. మొదటి వారం పది మెట్లు, ఆపైన వారానికి పదేసి పెంచాలి. పిల్ల ఎలా ఉన్నా ఆపకూడదు. తల్లిదండ్రులకు ఆరు నియమాలు ఇచ్చారు. ఆరవ నియమం యథాతథంగా: ‘పిల్ల తన అలసట గురించి మాట్లాడినచో స్పందించరాదు. స్పందించినచో జబ్బు బలపడును.’

ఆ అంగీకార పత్రం టైపు చేసింది నేనే. నలభై ప్రతులు. మా పనిలో ఉన్నవాళ్ళు చదవరు అయ్యా. అక్షరం చూస్తాం, వత్తు చూస్తాం, దీర్ఘం చూస్తాం, అర్థం ఎవరికి కావాలి? రెండవ పేజీ అడుగున ‘ఇది పరిశోధన కాదు, సేవల మదింపు మాత్రమే, కావున నైతక సంఘం అనుమతి అవసరం లేదు’ అని చేతిరాతలో ఉంది. ‘నైతక’ ఏమిటి నా మొహం అనుకుని, త మీద గుడి పెట్టి ‘నైతిక’ చేశాను. డాక్టర్ల తప్పు దిద్దానని ఆ పూటంతా మురిసిపోయాను. పిల్లల్ని చూసే ఆ సంఘం ఈ కాగితాన్ని చూడనే లేదని అక్కడే రాసి ఉంది. అది కంటికి ఆనింది గానీ బుర్రకి ఎక్కలేదు. మర్నాడు అదే కాగితం మా పిల్ల తరఫున నా చేతికిస్తే, నేను కొట్టిందే కదా, మళ్ళీ చదవడమెందుకని సంతకం పెట్టేశాను.

3. ఆరవ నియమం నేను తు.చ. తప్పకుండా పాటించాను. ఈ సంగతి నివేదికలో లేదు గనక ఇక్కడ నమోదు చేయుచున్నాను.

మేముండేది రెండో అంతస్తు. మా మెట్లు ఇరవై. ఎనిమిదో వారం, సాయంత్రం, లెక్క ప్రకారం ఎనభై, అంటే నాలుగుసార్లు ఎక్కి దిగాలి. మూడోసారి ఎక్కుతూ మధ్యలో కూర్చుండిపోయింది. నేను వంటింట్లో ఉన్నాను, తలుపు తీసే ఉంది.

“అమ్మా, ఇంక చాలమ్మా. కాళ్ళు నావి కావమ్మా.”

స్పందించరాదు కదా. ఊరుకున్నాను.

“అమ్మా.”

కుళాయి తిప్పాను. కడగడానికి ఒక్క గిన్నె లేదు. అయినా నీళ్ళు ధారగా వదిలి, ఆ చప్పుడులో నిలబడ్డాను. మళ్ళీ పిలిచిందో లేదో నాకు తెలియదు. పిలిచే ఉంటుంది.

మా ఆయన బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వస్తూ, మెట్ల మీద పడి ఉన్న పిల్లని చూసి ఎత్తుకొచ్చారు. “ఏమే, చెవుడా నీకు?” అన్నారు. నియమం అన్నాను. “ఇంజను వేడెక్కితే బండి పక్కకి ఆపుతామే! దీనికి ఆపడమనేదే లేదా?” అన్నారు. “డాక్టర్ల కంటే మీకు ఎక్కువ తెలుసా?” అని అరిచాను. ఆయన పిల్ల కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మర్నాడు మళ్ళీ ఎనభై మెట్లు ఎక్కించాను.

4. ప్రతి శుక్రవారం కార్యక్రమం తరఫున ట్రైనర్ మేడమ్ ఫోను చేసేవారు. ఆవిడని నేను తప్పు పట్టను, గొంతులోనే తీపి ఉన్న మనిషి. ఆ సంభాషణ పన్నెండు వారాలూ ఇలాగే ఉంది.

“బాగున్నావా అమ్మా?”

“బాగున్నానండీ. మీరు బాగున్నారా?”

“ఆఁ, బాగున్నాను తల్లీ. మెట్లెక్కుతున్నావా?”

“ఎక్కుతున్నానండీ.”

“వెరీ గుడ్!”

ఫోను నా చేతికిచ్చి గోడవైపు తిరిగి పడుకునేది. అక్కడ మేడమ్ తన ఫారం గడిలో ‘బాగుంది’ అని రాసుకునేవారు. నాకు ఆ గడి సంగతి తెలియదు. పలకరించిందనే అనుకున్నాను.

ఇందులో నా నేరం ఒకటుంది. పిచ్చుకకి నాలుగేళ్ళప్పుడు ఒక పెళ్ళిలో మా పెదమామయ్య దాన్ని ముద్దు చేస్తూ, “బాగున్నావే తల్లీ?” అన్నారు. ఇది నడుం మీద చేతులు పెట్టుకుని, “ఏం బాగు తాతా, మూడ్రోజుల్నించీ దొడ్డికే రావట్లా” అంది. పందిరి పందిరంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్లయింది. ఇంటికొచ్చాక తొడ మీద ఒకటిచ్చి చెప్పాను: “ఎవరైనా బాగున్నావా అంటే బాగున్నాను అనాలి. మీరు బాగున్నారా అని తిరిగి అడగాలి. నీ కడుపు సంగతి ఎవడడిగాడు?” ఒక్కసారి చెప్తే పట్టేసే పిల్ల. అప్పట్నించీ ఎనిమిదేళ్ళు, ఎవరడిగినా, జ్వరంలో అడిగినా, ఒక్కనాడూ తప్పలేదు. మా పిల్ల మర్యాద చూసి నేర్చుకోమని మా వాటాలో వాళ్ళు వాళ్ళ పిల్లలకి చెప్పేవారు.

తమరే చెప్పండి. బాగున్నావా అంటే బాగాలేనని మనలో ఎవరు చెప్తారు? చావింటికి పోయినా గుమ్మంలో “బాగున్నారా”, “ఆఁ, బాగున్నాం” అనుకున్నాకే కదా ఏడుపు మొదలుపెడతాం! అంత చదువుకున్నవాళ్ళు, ఈ భాషలోనే పుట్టి పెరిగినవాళ్ళు, పలకరింపు తీసుకెళ్ళి లెక్కలో వేసుకుంటారా?

5. కార్యక్రమం ముగిసేనాటికి పిల్ల మంచం దిగడం మానేసింది. ఆ తర్వాత రెండు నెలలకి సదరు నివేదిక బైండింగు కోసం మా షాపుకే వచ్చింది. ఆరు ప్రతులు, స్పైరల్. పేజీలు సర్దుతుంటే ముప్పై ఒకటో పేజీలో ఒక వాక్యం కంటపడింది. ఆ ఒక్కసారి మాత్రం అర్థం కూడా కనిపించింది.

‘వరుస సంఖ్య 17: పన్నెండు వారములూ తన స్థితిని “బాగున్నాను” అని స్వయముగా తెలిపినది. అంతేగాక పరిశీలకురాలి క్షేమమును సైతము విచారించినది. సాంఘిక ఉత్సాహము పెరిగినట్లు గమనించడమైనది. పూర్తిగా కోలుకున్నది.’

పేరు లేదు. నా బిడ్డని పోల్చుకోవడానికి నాకు పేరెందుకు? ఫోను చేసిన మనిషి క్షేమం తిరిగి అడిగినట్లు నలభై మందిలో దాని గురించే రాశారు.

ఆ వేళకి అది ఇంట్లో ఎలా ఉందో చెప్తాను. కిటికీకి దుప్పటి కట్టాం, వెలుతురు పడదు. పాలు చెంచాతో పోస్తాం, చెంచా పట్టుకునే ఓపిక లేదు. మాట్లాడితే మర్నాడంతా స్పృహ తప్పినట్లు పడుంటుంది గనక మాటలు మానేశాం. చెయ్యి ఒకసారి నొక్కితే అవును, రెండుసార్లు నొక్కితే కాదు. నేను మిషను మీద చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోతే మా ఓనరు, “ఏమ్మా, కరెంటు పోయిందా?” అన్నాడు. “లేదన్నా, ఉంది” అన్నాను. ఆరు ప్రతులూ బైండు చేసి ఇచ్చాను.

అదే పేజీ నకలు, మా పిల్ల పేరు జోడించి, ఆసుపత్రి నుంచి బడికి చేరింది. ఇంటికొచ్చి నెలకి నాలుగు ముక్కలు చదివి వినిపించే టీచరుని రద్దు చేశారు. ‘కోలుకున్న విద్యార్థిని అకారణ గైర్హాజరు’ అని నోటీసు వచ్చింది. అది దాని కంటపడకుండా బియ్యం డబ్బాలో దాచాను.

6. ఈ విషయమై మొదటి అర్జీతో తమ కార్యాలయానికి రాగా, తమ గుమాస్తా గారు కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి ఇలా సెలవిచ్చారు.

“పరిశోధన అయితేనే మా పరిధి అమ్మా. ఇది కాదన్నారు.”

“అట్ట మీద ‘పరిశోధన నివేదిక’ అని ఇంతలావు అక్షరాలున్నాయి కదండీ? బైండు చేసింది నేనే!”

“అది పేరు. పేరు వేరు, పని వేరు.”

“పరిశోధన కాదని ఎవరు చెప్పారండీ?”

“ఇంకెవరు, పరిశోధన చేసినవాళ్ళే.”

అనేసి ఆయనకే నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. కిందికి దిగి స్కూటర్ల స్టాండు పక్కన కూర్చుని ఏడ్చాను.

పోనీ అని ఆసుపత్రి వారినే అడిగితే, “పరిశోధనలో ఒకసారి నమోదైన దాన్ని మేము ముట్టుకోకూడదు, నైతిక సంఘం చెప్పాలి” అన్నారు. అనుమతి అడగాల్సి వచ్చినప్పుడు ఇది పరిశోధన కాదు. తప్పు దిద్దమన్నప్పుడు మాత్రం పరిశోధన. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటే ఇదే గదా అయ్యా. రెండో అర్జీ పెట్టాను. అది కనిపించుట లేదు.

7. మూడోసారి వచ్చినప్పుడు గుమాస్తా గారికి జాలి కలిగిందో, నా పోరు పడలేకో, లోపలికి వెళ్ళి ఒక ఏర్పాటు చేయించారు. పిల్ల అన్న మాటని పిల్లే వెనక్కి తీసుకోవాలట. అది మంచం దిగి రాలేదు గనక సంఘం సభ్యులొకరు ఫోనులో విచారిస్తారట. ఆయన చేతులు పట్టుకుని దండం పెట్టాను.

పోయిన బుధవారం, ఉదయం పదకొండు గంటలు. పొద్దున్నే పిల్ల చెవిలో మెల్లగా చెప్పాను. “ఒక పెద్దాయన అడుగుతారు. నిజం చెప్పమ్మా. బాగాలేదని చెప్పు. అదొక్కటి చాలు.” చెయ్యి ఒకసారి నొక్కింది. పందొమ్మిది రోజులైంది అది గొంతు విప్పి. రెండు రోజుల నుంచీ కళ్ళు కూడా తెరవకుండా ఓపిక కూడబెట్టుకుంది, ఆ ఒక్క మాట కోసం.

ఫోను వచ్చింది. చెవి దగ్గర పెట్టాను.

“ఏమ్మా, బాగున్నావా?”

పిల్ల కళ్ళు తెరిచింది. పెదాలు తడుపుకుంది. పైకి లేవబోయి లేవలేక, దిండు మీంచే అంది.

“బాగున్నానండీ. మీరు బాగున్నారా?”

“ఓ, భేషుగ్గా ఉన్నాను! సంతోషం తల్లీ, సంతోషం.”

నేను “అయ్యా, ఆగండయ్యా, అలా కాదండీ” అంటూనే ఉన్నాను. పెట్టేశారు. పిల్ల నా వంక చూసింది. ఏం జరిగిందో దానికి అప్పుడు తెలిసింది. ఏడవడానికి కూడా బలం కావాలి అయ్యా, అది లేదు, కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే చెవుల్లోకి కారాయి. “సారీ అమ్మా,” అంది. “నోట్లోంచి వచ్చేసింది.”

ఆ నాలుగు మాటలకి ఆరు రోజులు చెయ్యి కూడా నొక్కలేదు. నిన్నటి నుంచే మళ్ళీ నొక్కుతోంది. తమ రికార్డులో మాత్రం ‘పదమూడవసారి ధ్రువీకరించడమైనది’ అని చేరిందని గుమాస్తా గారు తల దించుకుని చెప్పారు.

పై కారణముల దృష్ట్యా తమరిని వేడుకొనునది ఏమనగా, నా కూతురు అన్న పదమూడు ‘బాగున్నాను’లనూ కొట్టివేయవలెను. అవి దానివి కావు, నేను తొడ మీద కొట్టి నేర్పినవి. పిల్లల ఒళ్ళు ముట్టుకునే ఏ పనినైనా, దానికి ఏ పేరు పెట్టినా సరే, ఆ పని చేసేవాళ్ళు కాక మరొకరు ముందుగా చూడవలెను. పిల్లల్ని పలకరించి సరిపెట్టక, నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేయలేకపోయావు, మెట్ల మీద ఎక్కడ కూర్చున్నావు అని అడగవలెను. చాలు అంటే ఆపవలెను. ఆరవ నియమం తీసివేయవలెను. రెండవ విడత పత్రాలు మొన్న మా షాపుకి వస్తే నేను కొట్టనన్నాను, మా ఓనరే తంటాలు పడి కొట్టుకున్నాడు. అరవై మంది పిల్లలు, ఎనిమిదేళ్ళవాళ్ళు కూడా ఉన్నారు. ఆరవ నియమం అలాగే ఉంది. మొదటి విడత ఫలితాలు చూసే దీనికి ఒప్పుకున్నారని అందులోనే రాశారు. ఆ ఫలితాల్లో నా పిచ్చుక ఒకటి.

పెద్ద డాక్టరు గారిని శిక్షించమని అడగను. ఇది జబ్బని ముందుగా నమ్మింది ఆయనే. అంత నమ్మినవాడు అది చాలన్నప్పుడు ఎందుకు నమ్మలేదా అని కడుపు రగిలిపోతోంది. ఆ మాట ఆయనతో అనాలి, తమరితో కాదు.

కావున తమరు దయయుంచి, విసుగొచ్చినా సరే చివరి వరకు చదివి, సోమవారంలోగా చిత్తగించవలెను. ఆ తర్వాత చిత్తగించినా ఒకటే, చిత్తగించకపోయినా ఒకటే.

ఇట్లు,
అలా రాయాలి గనక రాస్తున్నాను,
తమ విధేయురాలు,
వరుస సంఖ్య 17 తల్లి.

తాజా కలం: ఇది ప్రింటు తీసి మడత పెట్టాక జరిగింది. మళ్ళీ కొట్టే వ్యవధి లేక చేత్తో రాస్తున్నాను, చేతిరాత బాగుండదు, ఏమనుకోకండి.

ఇవాళ మధ్యాహ్నం షాపు కిటకిటలాడుతుంటే ఒకావిడ పాప కాగితాలు జెరాక్స్‌కి తెచ్చింది. పాపకి ఎనిమిది, తొమ్మిది ఏళ్ళుంటాయి, నిలబడలేక కాగితాల కట్టల మీద కూర్చుంది. నీలం గౌను. ఎడమకాలి చెప్పు తెగితే పిన్నీసు పెట్టారు. ఆవిడ చేతిలో రెండవ విడత అంగీకార పత్రం ఉంది, సంతకం పెట్టలేదు. అటూ ఇటూ తిప్పి చూస్తోంది. “మీ పాప ఇందులో చేరిందటగా అక్కా, లోపల ఆయా చెప్పింది. ఎలా ఉంది ఇప్పుడు?” అనడిగింది.

మిషను నడుస్తోంది. వెనక నలుగురు తొందర పెడుతున్నారు. నేను తల ఎత్తలేదు. “బాగుందమ్మా. మీ పాప బాగుందా?” అన్నాను.

“హమ్మయ్య” అని ఆవిడ నా కౌంటరు మీదే, నా పెన్నుతోనే సంతకం పెట్టింది.

చేతిలో కాగితాల దొంతర అయిపోయేదాకా నేనేమన్నానో నాకు తెలియలేదు. తెలిశాక అలాగే వదిలేసి గేటులోకి పరుగెత్తాను. పత్రం ఇచ్చేసి వెళ్ళిపోయారన్నారు. పేరు అడిగితే చెప్పకూడదట, రోగుల గోప్యతట. బస్టాపుకి పోయాను, అక్కడా లేరు.

ఆ కాగితం మీ భవనంలోనే ఉంది, మీకు రెండంతస్తుల కింద. మీరడిగితే చిరునామా ఇస్తారు. ఇవాళే ఎవరినైనా వాళ్ళింటికి పంపండి, లేదా ఆ చిరునామా నాకివ్వండి, ఎంత దూరమైనా నడిచి వెళ్తాను. జెరాక్స్ షాపు ఆవిడ అబద్ధం చెప్పిందని చెప్పండి. నా బిడ్డ బాగాలేదండీ. అస్సలు బాగాలేదు.